మూత్రం వెళ్లే తీరు ఏం చెబుతుంది: పెల్విక్ ఫ్లోర్ వదులైందా, బిగుసుకుపోయిందా?

సంక్షిప్తంగా: మాటిమాటికీ మూత్రం వస్తోందన్నా, దగ్గితే చుక్క పడుతోందన్నా ఠక్కున వినిపించే సలహా ఒకటే: "కండరాలు వదులయ్యాయి, కెగెల్ చెయ్యండి." కెగెల్ అంటే పెల్విక్ ఫ్లోర్ అనే అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం. ఈ సలహా కొందరికి సరిగ్గా సరిపోతుంది, ఇంకొందరికి ఉన్న బాధను పెంచుతుంది. రోజుకు ఎన్నిసార్లు, ప్రతిసారీ ఎంత, ధార ఎలా మొదలవుతోంది, ఎలా ముగుస్తోంది అన్నవి మూడు రోజులు రాసిపెట్టుకుంటే కండరం బలహీనపడిందా, బిగుసుకుందా, అసలు మూలం మరోచోట ఉందా అన్నది చాలావరకు తేలుతుంది.

నులక మంచం లాంటి పొర

కటి ఎముకల గూటికి అడుగున, ముందు జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకున్న కండరాల పొరను పెల్విక్ ఫ్లోర్ అంటారు. నులక మంచానికి నులక ఎలాగో పొత్తికడుపుకు ఇది అలాగ. మూత్రాశయం, మలాశయం, స్త్రీలలో గర్భసంచి దీని మీదే ఆని ఉంటాయి. మూత్రనాళం, మలద్వారం, స్త్రీలలో యోని దీని గుండానే బయటికి వస్తాయి. కాబట్టి బరువు మోయడంతో పాటు దారులు మూసి ఉంచడం, అవసరమైనప్పుడు తెరవడం కూడా దీని పనులే.

మూత్రాశయం నిండుతున్నంతసేపూ దాని గోడలోని కండరం మెత్తగా సాగుతూ ఉంటుంది. అదే సమయంలో పెల్విక్ ఫ్లోర్, మూత్రనాళం చుట్టూ ఉండే బిగింపు కండరం నిద్రలో కూడా కొద్దిగా బిగిసే ఉంటాయి. పెద్దవాళ్లలో 150 నుంచి 200 మి.లీ. చేరాక మొదటి కబురు అందుతుంది. అది పని పక్కన పెట్టి పరుగెత్తాల్సిన కబురు కాదు. 300-400 మి.లీ. దగ్గర వెళ్లాలనిపిస్తుంది. మూత్రాశయం మామూలుగా 400 నుంచి 600 మి.లీ. దాకా పట్టుకోగలదు.

వెళ్లే సమయంలో జరిగే వరస ముఖ్యం. ముందు పెల్విక్ ఫ్లోర్ వదులవుతుంది, ఆ తర్వాతే మూత్రాశయ గోడ ముడుచుకుంటుంది. ఈ రెండూ ఒకేసారి బిగిస్తే తలుపు మూసి లోపలి నుంచి తోసినట్టే. దీనికి తిరుగుదారి కూడా ఉంది. పెల్విక్ ఫ్లోర్‌ను కావాలని బిగిస్తే మూత్రాశయ గోడ కాస్త శాంతిస్తుంది. తన్నుకొస్తున్న మూత్రాన్ని ఆపే చిట్కాలన్నీ ఈ సూత్రం మీద నడిచేవే.

ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. పట్టుకోలేకపోవడం ఒక లోపం, వదలలేకపోవడం ఇంకో లోపం. రెంటిలోనూ మనిషి చెప్పే మాట మాత్రం ఒకటే: "ఊరికే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తోంది."

మగ్గు, కాగితం, మూడు రోజులు

పగలు ఆరేడుసార్లు, కొందరిలో ఎనిమిదిసార్లు వెళ్లడం మామూలే. రాత్రి నిద్ర మధ్యలో ఒకసారి లేవడం పెద్ద విషయం కాదు. 60 దాటాక రెండుసార్లు లేచేవాళ్లూ చాలామందే. అయితే ఈ లెక్క ఒక్కటే ఏమీ చెప్పదు. "రోజుకు 13 సార్లు" అన్న మాట వెనక కనీసం మూడు వేర్వేరు కథలుండొచ్చు. వాటిని విడదీసేది కొలత. మందుల షాపులో దొరికే, పక్కన గీతలున్న వెడల్పాటి ప్లాస్టిక్ మగ్గు ఒకటి, ఒక కాగితం చాలు. మూడు రోజుల పాటు, అందులో ఒకటైనా సెలవు రోజు ఉండేలా చూసుకుని, వెళ్లిన సమయం, ఎన్ని మి.లీ., తాగినదేమిటి, లీకు అయితే ఏం చేస్తుండగా అయింది అన్నవి రాయాలి.

మొదటి కాగితం ఇలా ఉందనుకుందాం. ఉదయం 6 గంటలకు 350 మి.లీ. తర్వాత ఏడున్నరకు 90, తొమ్మిదింటికి బస్సెక్కే ముందు 80, పదిన్నరకు 110... రాత్రి పడుకునేదాకా ఇదే వరస. రోజు మొత్తం సుమారు 1,400 మి.లీ. తెల్లవారుజామున 350 పట్టుకున్న సంచి పగలు 80కే బయటికి పంపమంటోందంటే సంచి చిన్నది కాదు, అలవాటు చిన్నది. బయల్దేరే ముందు ఒకసారి, చేరగానే ఒకసారి, బాత్రూమ్ కనబడింది కదా అని ఒకసారి వెళ్తుంటే మూత్రాశయం ఆ చిన్న కొలతకే కబురు పంపడం నేర్చుకుంటుంది. "ఎందుకైనా మంచిది, వెళ్లిరా" అని పిల్లలకు చెప్పే మాట దూరప్రయాణం ముందు మంచిదే. రోజూ గడప దాటిన ప్రతిసారీ అదే చెబితే ఈ అలవాటుకు అక్కడే పునాది పడుతుంది.

రెండో కాగితంలోనూ 13 సార్లే, కానీ ప్రతిసారీ 300. మొత్తం 3,900 మి.లీ. రోజుకు కిలో బరువుకు 40 మి.లీ. మించితే మూత్రం ఎక్కువగా తయారవుతున్నట్టు లెక్క. 60 కిలోల మనిషికి ఆ హద్దు 2,400. ఇక్కడ పెల్విక్ ఫ్లోర్‌ది ఏ తప్పూ లేదు. ముందు షుగర్ పరీక్ష చేయించాలి, తాగే నీళ్లూ టీలూ లెక్క చూడాలి, బీపీ కోసం మూత్రం ఎక్కువ చేసే మాత్ర వాడుతున్నారేమో చూడాలి. కెగెల్ ఎంత చేసినా ఈ కాగితం మారదు.

మూడో కాగితంలో పొద్దున లేవగానే కూడా 120 మి.లీ. దాటలేదు. రాత్రి నాలుగుసార్లు లేచారు. సంచి నిజంగానే చిన్నబోయిందా, ఇన్ఫెక్షన్ వల్ల చిరాకు పడుతోందా, లేక ప్రతిసారీ సగమే ఖాళీ అయి మిగతాది లోపలే ఉండిపోతోందా? ఆ మూడో అనుమానాన్ని స్కానింగ్ తీరుస్తుంది. మూత్రం పోసిన వెంటనే చూస్తే మిగిలింది 50 మి.లీ. లోపు ఉండాలి. 100 దాటి, అదే మళ్లీ మళ్లీ కనిపిస్తే కారణం వెతకాల్సిందే. స్కానింగ్ సెంటర్లలో సీసా తర్వాత సీసా నీళ్లు తాగించి, మనిషి ఓర్చుకోలేని స్థితికి వచ్చాక పరీక్ష చేస్తారు. అంతగా ఉబ్బిన మూత్రాశయం సరిగ్గా ముడుచుకోలేదు కాబట్టి మిగులు ఎక్కువగా కనిపించవచ్చు. అలాంటి రిపోర్టు ఒక్కటి చూసి కంగారు పడనక్కర్లేదు. మామూలుగా మూత్రం వచ్చినప్పుడు వెళ్లి, ఆ వెంటనే మళ్లీ చూపించుకోవడం మేలు.

రాత్రి లెక్క వేరే వేయాలి. 65 దాటినవాళ్లలో రోజు మొత్తం మూత్రంలో మూడోవంతుకు మించి రాత్రే తయారవుతుంటే కారణం సంచిలో ఉండకపోవచ్చు. పగలంతా నిలబడి పనిచేసేవాళ్లకు కాళ్లలో నీరు దిగుతుంది. పడుకోగానే ఆ నీరు రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీల మీదుగా మూత్రమవుతుంది. సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే రాత్రి లేవడం తగ్గే అవకాశం ఉంది. గట్టిగా గురకపెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లలోనూ రాత్రి మూత్రం పెరుగుతుంది.

ధార మొదలయ్యే క్షణం

ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూర్చున్న కొద్ది సెకన్లలోనే ధార మొదలవుతుంది. ముక్కే పని ఉండదు. ఒకే ఊపులో పెరిగి, నెమ్మదించి, ఆగుతుంది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం మూడు కిలోలకు మించిన క్షీరదాలు, ఏనుగుతో సహా, సుమారు 21 సెకన్లలో మూత్రాశయం ఖాళీ చేస్తాయి. మనుషులకు ఇది కచ్చితమైన హద్దు కాదు గానీ ఇంట్లో పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఎప్పుడూ ఐదారు సెకన్లే పడుతుంటే నిండకుండానే వెళ్తున్నారని, నిమిషం దాటుతుంటే దారిలో ఏదో అడ్డుందని లేదా తోపు తగ్గిందని అనుమానించవచ్చు.

కూర్చున్నాక అరనిమిషం ఎదురుచూడటం, కుళాయి విప్పి ఆ చప్పుడు వింటే గానీ రాకపోవడం, ధార ఆగి ఆగి రావడం, బయట ఎవరో నిలబడ్డారంటే అసలే రాకపోవడం: ఇవి బలహీన కండరం చేసే పనులు కావు. వదలడం మరిచిన కండరం జాడలు. వీటితో పాటు మలబద్ధకం, కలయికలో నొప్పి, తోక ఎముక దగ్గర లాగుడు ఉంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది. 50 దాటిన మగవారిలో ఇవే లక్షణాలకు ప్రోస్టేట్ (మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి) వాపు పెద్ద కారణం కాబట్టి ముందు దాన్ని తేల్చుకోవాలి. యూరోఫ్లో అనే పరీక్షలో యంత్రం మీది గరాటులోకి మూత్రం పోయిస్తారు, ధార వేగాన్ని అది గీతగా గీస్తుంది. కనీసం 150 మి.లీ. పోస్తేనే ఆ గీతకు విలువ. మగవారిలో గరిష్ఠ వేగం సెకనుకు 15 మి.లీ. దాటితే సాధారణంగా బాగున్నట్టు, 10 లోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. అడ్డు లేకున్నా గీత రంపపు పళ్లలా వస్తే పోస్తున్నంతసేపూ కండరం బిగిసి వదులుతోందని అర్థం.

కూర్చునే భంగిమ గురించి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. బస్టాండులో, సినిమా హాల్లో, ఆఫీసులో వెస్టర్న్ కమోడ్ సీటు ముట్టుకోవడానికి మనసొప్పక దానిపైన గాల్లో సగం వంగి కానిచ్చేయడం ఆడవాళ్లలో చాలా మామూలు. ఆ భంగిమలో పిర్రలు, తొడలు బరువు మోస్తూ గట్టిగా బిగిసి ఉంటాయి. పక్కనే ఉన్న పెల్విక్ ఫ్లోర్ పూర్తిగా వదులు కాలేదు. 1991లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో ఇలా గాల్లో కూర్చున్నప్పుడు ధార సగటు వేగం 21 శాతం తగ్గింది, లోపల మిగిలిపోయిన మూత్రం 149 శాతం పెరిగింది. మన నేల మరుగుదొడ్డి మీద గొంతుక్కూర్చోవడం ఇలాంటిది కాదు. మడమలు నేలకు ఆని, బరువు మొత్తం పాదాల మీద పడి, తొడలు పొట్టకు తగిలేలా కూర్చుంటే కండరం బాగానే వదులవుతుంది. చిక్కంతా సగం కూర్చోవడంలోనే. కమోడ్ అయితే సీటు కడిగి, తుడిచి లేదా కాగితం పరిచి పూర్తిగా కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనించి, మోచేతులు తొడల మీద పెట్టి కొంచెం ముందుకు వంగితే దారి తేలిగ్గా తెరుచుకుంటుంది. ఇంకా మిగిలిందనిపిస్తే అరనిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి గానీ ముక్కకూడదు. రోజూ ముక్కే ఒత్తిడి ఆ నులక మీదే పడుతుంది.

దగ్గినప్పుడా, తాళం తీస్తున్నప్పుడా?

లీకులో తేడా తెలియాలంటే అది ఏ క్షణంలో జరిగిందో చూడాలి. దగ్గు, తుమ్ము, నవ్వు, బిందె ఎత్తడం, పరుగు: వీటితో పాటే చుక్క పడి, ఆ వెంటనే ఆగిందంటే పొట్టలో ఒత్తిడి పెరిగిన క్షణానికి నాళాన్ని మూసే బలం చాలలేదని అర్థం. కాన్పుల్లో, ముఖ్యంగా ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకార లాంటి పరికరం) వాడినప్పుడు, కండరం సాగడం లేదా చిరగడం, బహిష్టులు ఆగాక పొరలు పలచబడటం, బరువు పెరగడం, ఏళ్ల తరబడి దగ్గు దీనికి దారితీస్తాయి.

ఇంటి గుమ్మం ముందు తాళంచెవి తిప్పుతుండగా ఆగలేనంతగా తన్నుకొచ్చి, లోపలికి చేరేలోపే తడిసిపోవడం మరో రకం. ఇందులో మూత్రాశయ గోడ ముందే ముడుచుకుంటుంది. లీకు అయ్యేది చుక్క కాదు, ధార. గిన్నెలు తోముతుంటే, చల్లనీళ్లలో చేయి పెడితే రావడం కూడా ఇదే కోవ. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఎప్పుడూ కారుతూనే ఉండి, వెళ్లినా ఖాళీ అయినట్టు అనిపించకపోతే నిండిపొర్లుతోందేమో చూడాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో మూత్రాశయ నరాలు దెబ్బతిని ఇలా జరగవచ్చు.

తెలుగు రాష్ట్రాల స్త్రీలకు సంబంధించి విడిగా చెప్పాల్సింది గర్భసంచి ఆపరేషన్ సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో ముందున్న రెండు రాష్ట్రాలూ ఇవే. 2007లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ప్రకారం గర్భసంచి తీయించుకున్నవారికి తర్వాతి కాలంలో మూత్రం లీకు కోసం మరో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం, తీయించుకోనివారితో పోలిస్తే రెండింతలకు పైనే. తప్పనిసరి ఆపరేషన్ తప్పనిసరే. కానీ తెల్లబట్టకో, నడుంనొప్పికో ముప్పయ్యేళ్ల మనిషికి "సంచి తీసేస్తే పోతుంది" అని చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా ఆమె ముందు పెట్టాలి. ఇది ఆమెకు తెలియాల్సిన విషయం.

మగవారిలో లీకు ఎక్కువగా ప్యాంటు జిప్పు వేసుకున్నాక పడే రెండు మూడు చుక్కల రూపంలో కనిపిస్తుంది. మూత్రనాళంలో వృషణాల వెనక ఉన్న వంపులో కాస్త మూత్రం నిలిచిపోతుంది. దాన్ని నెట్టాల్సిన చిన్న కండరం మందగించడమే కారణం. అయిపోయాక కొన్ని సెకన్లు ఆగి, వృషణాల వెనక వేళ్లతో నొక్కి ముందుకు జరిపితే ఆ చుక్కలు అక్కడే బయటపడతాయి. ఆ కండరాన్ని బలపరిచే బిగింపు వ్యాయామం కూడా పనిచేస్తుంది.

కెగెల్ ఎవరికి, ఎలా

అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచురించినప్పుడు దాంతో పాటు ఒత్తిడి కొలిచే పరికరం కూడా వాడారు. బిగించినప్పుడు ముల్లు ఎంత కదిలిందో స్త్రీకి కంటికి కనిపించేది. తర్వాత ఆ పరికరం పక్కకు పోయి, "బిగించి వదలండి" అన్న మాట మిగిలింది. మాట విని చేసేవాళ్లలో చాలామంది కండరాన్ని పైకి లాగే బదులు కిందికి తోస్తారు. ఇది మేలు చేయకపోగా జారిన గర్భసంచిని ఇంకా కిందికి నెడుతుంది.

సరైన బిగింపు ఇలా ఉంటుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. అపానవాయువును ఆపుతున్నట్టు మలద్వారాన్ని లోపలికి లాగి, ఆ లాగుడును ముందుకు, మూత్రనాళం వైపు తేవాలి. పిర్రలు, తొడలు కదలకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. చేతి అద్దంలో చూస్తే మలద్వారానికీ యోనికీ మధ్య భాగం లోపలికి పోవాలి, ఉబ్బకూడదు. ఐదు సెకన్లు పట్టి, కనీసం అంతసేపు పూర్తిగా వదలాలి. క్రమంగా పది సెకన్లకు పెంచాలి. ఒక విడతకు ఎనిమిది, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు దగ్గితే పడే లీకుకు ముందుగా సూచించే చికిత్స ఇదే, అదీ తెలిసిన ఫిజియోథెరపిస్టు చూస్తుండగా. తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలోనే ఒక్కసారి బిగించి తుమ్మడం అలవాటు చేసుకుంటే ఫలితం ఇంకా ముందే కనిపిస్తుంది.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదు. కండరం ఎక్కడుందో తెలియడానికి ఒక్కసారి చేస్తే చేయొచ్చు. రోజూ చేస్తే, వదలాల్సిన వేళ బిగించమని కండరానికి నేర్పినట్టవుతుంది. మూత్రం మిగిలిపోతుంది, ఇన్ఫెక్షన్లకు దారి ఏర్పడుతుంది.

బిగుసుకుపోయినవారికి వైద్యం ఇందుకు పూర్తిగా ఎదురు. పిడికిలి మూసుకుపోయినవాడికి ఇంకా గట్టిగా మూయమని చెబితే ఉపయోగమేముంది? ఇలాంటివారు యోగాలో మూలబంధం (ఇదే కండరాన్ని లోపలికి లాగి పట్టడం) కూడా ఎక్కువసేపు పట్టకూడదు. వీళ్లకు కావాల్సింది పొట్ట నిండా తీసుకునే నెమ్మదైన శ్వాస. గాలి లోపలికి వెళ్తున్నప్పుడు పెల్విక్ ఫ్లోర్ దానంతటదే కిందికి దిగి వదులవుతుంది. మోకాళ్లు దూరంగా పెట్టి బాలాసనంలో (మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించి), లేదా మలాసనంలో (గొంతుక్కూర్చుని) దేనికైనా ఆనుకుని, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు ఈ శ్వాస చేయాలి. నొప్పి కూడా ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా పెల్విక్ ఫిజియోథెరపీలో శిక్షణ ఉన్నవారి దగ్గరికి వెళ్లాలి.

తన్నుకొచ్చే రకానికి మరో దారి. వచ్చిన క్షణంలో పరుగెత్తకుండా నిలబడాలి లేదా కూర్చోవాలి. గబగబా ఐదారుసార్లు బిగించి వదలాలి. ఆ అల తగ్గాక మామూలుగా నడిచి వెళ్లాలి. రెండుసార్ల మధ్య ఎడం ఇప్పుడు గంట ఉంటే వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుతూ మూడు గంటల దాకా తేవాలి. ఆరు వారాలకు ముందే ఫలితం తేల్చేయకూడదు. టీ, కాఫీ తగ్గిస్తే చాలామందికి తేడా కనిపిస్తుంది. నీళ్లు తగ్గించడం మాత్రం తప్పు. మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, మలబద్ధకం పెంచుతుంది. నిండిన మలాశయం వెనక నుంచి మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి సమస్య తిరిగి మొదటికొస్తుంది.

ఆపుకోవడం నేర్పే చోట్లు

బడిలో మరుగుదొడ్డి బాగోలేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టని ఆడపిల్లలు, బట్టల షాపులో రోజంతా నిలబడే సేల్స్ అమ్మాయిలు, ట్రాఫిక్‌లో ఉండిపోయే మహిళా కానిస్టేబుళ్లు: వీళ్లకు ఆపుకోవడం ఎంచుకున్న అలవాటు కాదు. అప్పుడప్పుడు ఒక గంట ఆపితే ఏ హానీ లేదు. ఏళ్ల తరబడి రోజూ ఎనిమిది గంటలు ఆపితే మూత్రాశయం కబురు పంపడం మందగిస్తుంది, కండరం బిగిసే ఉండటానికి అలవాటు పడుతుంది, ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. పిల్లల మూత్రాశయం పట్టే కొలతకు ఒక సులువు లెక్క ఉంది: వయసుకు ఒకటి కలిపి 30తో గుణించాలి. ఏడేళ్ల పాపకు 240 మి.లీ. మాత్రమే. ఆ పాప కాళ్లు మెలేసుకుని నిలబడటం, మడమ మీద కూర్చుని ఒత్తుకోవడం అల్లరి కాదు, ఆపుకోవడానికి పడుతున్న పాట్లు. ఇంటికి రాగానే బ్యాగు విసిరి బాత్రూమ్‌కి పరుగెడుతోందంటే అడగాల్సింది బడి మరుగుదొడ్డికి గొళ్లెం ఉందా, నీళ్లు వస్తున్నాయా అని.

కండరం మీద నెపం వేయకూడనివి

మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా, డాక్టర్‌కు చూపించాలి. జ్వరం, చలితో పాటు మంట, వీపు పక్కన నొప్పి ఉంటే అది కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. జలుబు మాత్రలు కొన్ని ప్రోస్టేట్ వాపున్న మగవారిలో మూత్రాన్ని పూర్తిగా బంద్ చేస్తాయి. అలా ఆగిపోతే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లి గొట్టం వేయించుకోవాలి. నడుంనొప్పితో పాటు జీను తగిలే చోటల్లా, అంటే తొడల లోపలి వైపు, మలద్వారం చుట్టూ మొద్దుబారి, మూత్రం తెలియకుండా పోవడం లేదా రాకపోవడం మొదలైతే వెన్నెముక చివర నరాల కట్ట నలుగుతోందని అనుమానించాలి. అప్పుడు లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. తెల్లారేదాకా ఆగకుండా ఎంఆర్ఐ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి.